సంపద ఎగిరిపోయేదే అయితే దాచుకోవడం ఎందుకు? ఒక రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి సమాధానం

ప్రభువు నామంలో వందనాలు బ్రదర్. మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైనంతవరకు సంగతి ఇది. మీ నాన్నగారు 2016లో అమరావతి రాజధాని ప్రాంతం దగ్గర అప్పు చేసి ఒక ప్లాటు కొన్నారు. 2019 తర్వాత ధర పడిపోయింది. ఆ దిగులుతోనే ఆయన వెళ్లిపోయారని ఇంట్లో అందరూ అనుకుంటున్నారు. ఇప్పుడు ధర మళ్లీ లేచింది. అన్నయ్య అమ్మేద్దామంటున్నారు, మీరు ఆగుదామంటున్నారు, ఇద్దరి మధ్యా మాటల్లేవు. ఇంతలో మీరు సామెతల గ్రంథం 23వ అధ్యాయంలో ధనం రెక్కలు ధరించి ఎగిరిపోతుందన్న మాట చదివారు. "అలాగైతే నేను మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా కడుతున్న ఎస్‌ఐపీ, ఇన్సూరెన్స్ అన్నీ అవిశ్వాసమేనా? మా కూటంలో ఒకరేమో దేవునికి ఇస్తే నూరంతలు తిరిగొస్తుందంటున్నారు. దేన్ని నమ్మాలి?" అని అడిగారు.

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. దాచుకోవడం పాపం కాదు. దాచుకున్నదాన్నే ఆధారం చేసుకుని బతకడం పాపం. సంపద నిలవదని లేఖనం చెప్పింది మనం సంపాదన మానేయాలని కాదు. అది మన చేతిలో ఉన్న కాసేపట్లో చేయాల్సిన న్యాయం, చేయాల్సిన మేలు రేపటికి వాయిదా వేయొద్దని. ఇక నూరంతలు వస్తుందన్న లెక్కతో ఇచ్చేది కూడా డబ్బు మీద నమ్మకమే, దేవుని మీద కాదు.

నేను పాస్టర్‌ని కాను. 1984 నుంచి 2018 దాకా బ్యాంకులో పనిచేశాను, ఎక్కువ కాలం పశ్చిమ గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాల పల్లె బ్రాంచీల్లో. మా సంఘానికి 19 ఏళ్లు ట్రెజరర్‌గా లెక్కలు రాశాను. వాక్యం నాకు అర్థమైంది చాలావరకు ఆ రెండు కుర్చీల్లో కూర్చున్నప్పుడే. అక్కడ చూసినవే చెబుతాను.

మీ ప్లాటుతో మొదలుపెడదాం. 2015లో భూసమీకరణ మొదలైనప్పుడు నేను ఆ చుట్టుపక్కల బ్రాంచీలోనే ఉన్నాను. రైతులు సుమారు 33 వేల ఎకరాలు ఇచ్చారు. అరటి, మిర్చి, కూరగాయలు పండే నల్లరేగడి అది. అక్టోబరులో శంకుస్థాపన జరిగేసరికి మా కౌంటరు ముందు నిలబడే మనిషే మారిపోయాడు. పంట రుణం రెన్యువల్‌కి వచ్చే రైతు ప్లాట్ల బేరానికి అడ్వాన్సు తీయడానికి వచ్చేవాడు. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట రాగానే కొనేవాడు లేడు. 2024లో మళ్లీ కార్లు తిరిగాయి. ఎవరి తప్పు, ఎవరిది ఒప్పు అన్న చర్చ ఇక్కడ వద్దు. నేను చెప్పదలచింది ఒక్కటే. ఈ పదేళ్లలో మీ నాన్నగారి ప్లాటు హద్దురాళ్ల మధ్య నుంచి ఒక్క అంగుళం కూడా కదల్లేదు. పైకి లేచినది, కింద పడినది, మళ్లీ లేచినది దాని ధర. ఆ ధర మనుషుల నోళ్లలో ఉంటుంది. సామెతల్లో ఆ వాక్యం మళ్లీ చూడండి, "నీవు దానిమీద దృష్టి నిలిపినతోడనే" అది లేకపోతుందని ఉంది. పక్షి ఎగరడం సంగతి తర్వాత, ముందు మన చూపు దాని మీద నిలవడం గురించి చెప్పాడు. మీ నాన్నగారి చూపు ఆ రేటు మీద ఎన్నేళ్లు నిలిచిందో, ఆయన నిద్ర ఎన్నేళ్లు పోయిందో మీకే తెలుసు. నేను ఆయన్ను తప్పు పట్టడం లేదు. పిల్లలకు ఏదైనా మిగల్చాలన్న ప్రేమతోనే చాలామంది తండ్రులు అలా చేశారు.

ప్రసంగి 5వ అధ్యాయం 13, 14 వచనాలు తీసి చదవండి. ఒక మనిషి ఆస్తి దాచుకున్నాడు, ఏదో వ్యవహారంలో అది పోయింది, కొడుకు పుట్టాడు, ఆ కొడుకు చేతిలో పెట్టడానికి ఏమీ లేదు. రెండున్నర వేల ఏళ్ల కిందటి మాట. మన తెలుగు బైబిల్లో ఆ గ్రంథమంతా "వ్యర్థము" అని వినిపించే చోట హెబ్రీలో ఉన్న మాట హెవెల్. దాని అసలు అర్థం ఊపిరి, ఆవిరి. చలికాలం పొద్దున్నే నోటి నుంచి వచ్చే పొగలాంటిది. అది అబద్ధం కాదు, నిజంగానే ఉంది, కానీ పట్టుకుంటే చేతికి రాదు. ఆదాము రెండో కొడుకు హేబెలు పేరు కూడా అదే మాట. ఇది తెలిసిన రోజు నాకు చాలాసేపు మరో పని చేయబుద్ధి కాలేదు.

నా ఉద్యోగంలో ఆ ఆవిరిని మొదటిసారి కళ్లారా చూసింది భీమవరం వైపు, రొయ్యల కాలంలో. 90ల మొదట్లో టైగర్ రొయ్య వచ్చింది. వరి చేలు చెరువులయ్యాయి. ఒక పట్టుబడికి వచ్చే డబ్బు అంతకుముందు పదేళ్ల వరిలో రాలేదు. నగదు సంచుల్లో తెచ్చేవారు, లెక్కపెట్టేసరికి మాకు సాయంత్రం ఆరయ్యేది. 1994, 95 ప్రాంతంలో తెల్లమచ్చ వైరస్ పడింది. సాయంత్రం మేత బాగా తిన్న రొయ్య తెల్లారేసరికి గట్టు వారకి వచ్చి నీరసంగా ఆగేది. పెంకు మీద చిన్న తెల్లటి చుక్కలు. అక్కడినుంచి వారం, పది రోజుల్లో చెరువు ఖాళీ. కారు కొన్న మనిషి అదే సంవత్సరం భార్య మెడలో గొలుసు తెచ్చి కుదువ పెట్టాడు. ఆయన మా సంఘస్తుడే. కౌంటరు అద్దం అవతల నిలబడి నా మొహం చూడలేక తల దించుకున్నాడు. ఇవతల నేనూ తల దించుకునే గొలుసు విలువ కట్టే అప్రైజర్ స్లిప్పు రాశాను. ఇదేదో పాతకాలపు కథ అనుకోవద్దు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు అవే చెరువుల గట్ల మీద అదే దిగులు మళ్లీ చూశాం. ఈసారి రొయ్యకు రోగం లేదు, చెరువు బాగుంది, అయినా ధర పోయింది.

"చిమ్మెటయు, తుప్పును తినివేయును" అన్న ప్రభువు మాటను మనం పోలిక అనుకుంటాం. 2021లో కృష్ణా జిల్లాలో ఒక చిన్న వ్యాపారి ఇల్లు కట్టుకుందామని ట్రంకుపెట్టెలో దాచుకున్న లక్షల రూపాయల నోట్లు చెదలు తినేశాయి. పేపర్లలో ఫొటోలు కూడా వచ్చాయి. నాకు ఇంకా దగ్గరి అనుభవం 2017ది. పాత 500, 1000 నోట్లు బ్యాంకులో వేసే గడువు 2016 డిసెంబరు 30తో అయిపోయింది. రెండు నెలల తర్వాత ఒక కుటుంబం వచ్చింది. చనిపోయిన అమ్మమ్మ బియ్యం డబ్బాలో అడుగున గుడ్డలో చుట్టిన 500 నోట్లు, మొత్తం 46 వేలు. ఆమె పింఛను, ఎండుచేపలు అమ్మిన డబ్బు. మనవరాలి పెళ్లికని దాచిందట. నేను తీసుకోలేనని చెప్పాల్సి వచ్చింది. నా సర్వీసులో కష్టంగా చెప్పిన "కుదరదు"లలో అది ఒకటి.

ఇప్పుడు మీ అసలు అనుమానానికి వస్తాను. ఇదంతా చూస్తే దాచుకోవడమే దండగ అనిపిస్తుంది కదా. లేఖనం అలా అనదు. చీమల దగ్గరికి వెళ్లి నేర్చుకోమంది. ఐగుప్తులో యోసేపు ఏడు సమృద్ధి సంవత్సరాల పంటలో అయిదో వంతు కొట్లలో నింపించాడు, ఆ కొట్లే తర్వాత అతని సొంత అన్నదమ్ముల ప్రాణం కాపాడాయి. తన ఇంటివారిని సంరక్షించనివాడు అవిశ్వాసికంటే చెడ్డవాడని పౌలు తిమోతికి రాశాడు. నిర్గమకాండం 16లో మన్నా, అంటే ఎడారిలో దేవుడు ఇశ్రాయేలీయులకు కురిపించిన ఆహారం, దాని సంగతి చూడండి. రేపటికి ఉంచుకున్నవాళ్ల మన్నా పురుగు పట్టింది. విశ్రాంతిదినం కోసం ఉంచుకున్నది మాత్రం పాడవలేదు. ఒకే మన్నా, ఒకే గిన్నె. దేవుడు రేపు ఇవ్వడేమోనన్న భయంతో దాచింది పురుగు పట్టింది, దేవుడు చెప్పినందుకు దాచింది నిలిచింది. కాబట్టి మీ ఇన్సూరెన్స్ ఆపకండి. మీరు పోతే మీ భార్యాపిల్లలు ఎవరి గుమ్మం ముందూ నిలబడకుండా చూసుకోవడం ప్రేమ. ఎస్‌ఐపీ కూడా అంతే, పిల్లల చదువుకో ముసలితనానికో అయితే కట్టండి. ఫోన్‌లో దాని విలువ రోజుకు ఎన్నిసార్లు చూస్తున్నారో మాత్రం మీరే గమనించుకోండి. నా దగ్గరికి వచ్చే యువకుల్లో కొందరు ఆదివారం ఆరాధన మధ్యలో కూడా చూస్తున్నారు. ఆదివారం మార్కెట్ ఉండదు అయినా చూస్తారు.

లూకా 12లో ధనవంతుని ఉపమానం అందరికీ తెలుసు, కానీ దానికి ముందు జరిగింది చాలామంది దాటేస్తారు. బ్రదర్, అది అచ్చంగా మీ ఇంటి సంగతే. గుంపులోంచి ఒకడు లేచి, పిత్రార్జితంలో నాకు పాలు పంచిపెట్టమని మా అన్నతో చెప్పు అని యేసును అడిగాడు. అన్నదమ్ముల ఆస్తి తగాదా! దానికి ప్రభువు తీర్పు చెప్పలేదు. "ఒకని కలిమి విస్తరించుట వాని జీవమునకు మూలము కాదు" అని చెప్పి ఆ కథ మొదలుపెట్టాడు. ఆ ధనవంతుడు దొంగ కాదు, వడ్డీలు తిన్నవాడు కాదు. భూమి బాగా పండింది, అంతే. అతని మాటలు లెక్కపెట్టండి, నా పంట, నా కొట్లు, నా ధాన్యం, నా ఆస్తి, చివరికి నా ప్రాణం. పైగా పాత కొట్లు విప్పి పెద్దవి కట్టాలన్న ఇంత పెద్ద నిర్ణయం తనలో తానే అనుకున్నాడు. మన ఊళ్లో ధాన్యం కొట్టు కట్టాలంటే భార్యతో అంటాం, తమ్ముడిని పిలుస్తాం, తాపీమేస్త్రిని అడుగుతాం. అతనికి మాట్లాడటానికి ఒక్క మనిషి లేడు. అప్పుడు దేవుడు, ఈ రాత్రే నీ ప్రాణం పోతుందని చెప్పి, అడిగిన ప్రశ్న ఇది: "నీవు సిద్ధపరచినవి ఎవనివగును?"

ఆ ప్రశ్న నేను 34 ఏళ్లు ఖాతా తెరిచే ఫారంలో చూశాను, నామినీ అన్న గడిలో. చాలామంది దాన్ని ఖాళీగా వదిలేసేవారు. "ఇప్పుడే ఎందుకు సార్, అపశకునం" అనేవారు, మన క్రైస్తవులు కూడా. పదేళ్లపాటు ఎవరూ కదపని డిపాజిట్లను రిజర్వు బ్యాంకు 2014లో ఏర్పాటు చేసిన ఒక నిధికి పంపిస్తారు. 2023 ఫిబ్రవరి నాటికి ఒక్క ప్రభుత్వ రంగ బ్యాంకుల నుంచే అలా వెళ్లిన మొత్తం సుమారు 35 వేల కోట్లు. ఆలోచించండి, ఎవరి చెమటో, ఎవరి పిల్లల పాల డబ్బులో! ఒక రిటైర్డ్ టీచరు భార్యకు చెప్పకుండా మూడు ఫిక్స్‌డ్ డిపాజిట్లు వేశారు. ఆయన పోయాక ఆమె రెండేళ్లు ఇళ్లల్లో పిల్లలకు ట్యూషన్ చెప్పి బతికింది. పాత కవర్ల మధ్య మా రసీదు దొరికి వచ్చేసరికి ఆ మొత్తం నాలుగు లక్షల పైన ఉంది. ఆమె సంతోషించలేదు. "నన్ను నమ్మలేదా" అని మా కుర్చీలో కూర్చుని ఏడ్చింది.

అందుకే ఎవరు ఈ విషయం అడిగినా ముందు ఈ పనులు చేయమంటాను. ప్రతి ఖాతాకూ నామినీ రాయండి. 2025 నవంబరు 1 నుంచి ఒక ఖాతాకు నలుగురి దాకా రాయొచ్చు. నామినీ అంటే యజమాని అనుకోవద్దు, వారసుల తరఫున డబ్బు అందుకునే మనిషి, అంతే. మీ నాన్నగారి పేరున మరిచిపోయిన డిపాజిట్ ఏదైనా ఉందేమో రిజర్వు బ్యాంకు వాళ్ల ఉద్గమ్ పోర్టల్‌లో వెతకండి. పదేళ్లు దాటినా వారసులకు ఇస్తారు, బ్యాంకుకు వెళ్లి అడగాలి. ఒక బ్యాంకులో ఒక మనిషికి వడ్డీతో కలిపి 5 లక్షల వరకే బీమా ఉంటుందన్నదీ గుర్తుంచుకోండి. 2020 ఫిబ్రవరికి ముందు అది లక్ష మాత్రమే. "ఎవనివగును" అన్న ప్రశ్నకు బతికుండగానే రాతపూర్వకంగా జవాబు రాసిపెట్టడం కూడా వాక్యానికి లోబడటమే అని నా నమ్మకం.

ఇక నూరంతల సంగతి. ఇది చెప్పేటప్పుడు నాకు కొంచెం కోపం వస్తుంది, క్షమించండి. మార్కు 10లో నూరంతలు అన్న మాట ఉంది, నిజమే. అదే వాక్యంలో "హింసలతో పాటు" అని కూడా ఉంది. ఆ మాట మైకుల్లో వినపడదు. మలాకీ 3లో పదియవ భాగం, అంటే రాబడిలో పదో వంతు ఇవ్వడం గురించి చెబుతారు. ఆ పదియవ భాగం ఎవరి కడుపుకు వెళ్లాలో ద్వితీయోపదేశకాండం 14 చెప్పింది. మూడేళ్లకొకసారి ఊరి గుమ్మంలో ఉంచి లేవీయులు, పరదేశులు, తండ్రిలేనివారు, విధవరాండ్రు తిని తృప్తిపడాలి. "నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను" అన్నది ఆటోల వెనక, షాపుల మీద రాసుకుంటాం. దాని ముందు వచనంలో పౌలు ఆకలితో ఉండటం, కడుపునిండా ఉండటం రెండూ నేర్చుకున్నానంటున్నాడు. ఆకలితో కూడా బతకగల శక్తి గురించి ఆ మాట. పెట్టుబడిలా కానుక ఇచ్చి, రాబడి రాక, విశ్వాసాన్నే వదిలేసిన మనుషులు నాకు తెలుసు. అప్పు చేసి కానుక ఇచ్చిన ఒక ఆటో డ్రైవరు ఉన్నాడు. అప్పు వడ్డీ పెరిగింది, ఆటో ఫైనాన్సు వాళ్లు తీసుకుపోయారు. చర్చికి రావడం మానేశాడు, సిగ్గుతో. నేను రెండుసార్లు వాళ్లింటికి వెళ్లాను. మూడోసారి వెళ్లేసరికి ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయారు.

ట్రెజరర్‌గా నన్ను ఎప్పటికీ వదలని సంగతి ఇంకొకటి. మా చర్చి ప్రహరీగోడ కట్టేటప్పుడు ఒక పెద్దాయన రెండు లక్షలు ఇచ్చారు. సభలో లేచి నిలబడి అందరం చప్పట్లు కొట్టాం. రసీదు నేనే రాశాను, సంతోషంగా. నెల తర్వాత ఒక మేస్త్రి ఇంటికి వచ్చాడు. ఆ పెద్దాయన ఇంటి మీద అంతస్తు వేసిన మేస్త్రి. పదకొండు మంది కూలీలకు ఏడు వారాల కూలి బాకీ ఉంది. "అయ్యగారు గుడికి ఇచ్చారు కదండీ, మాకూ ఇప్పించండి" అన్నాడు. మన మతస్తుడు కాదు అతను. చర్చిని గుడి అన్నాడు. ఆ రాత్రి యాకోబు పత్రిక 5వ అధ్యాయం చదివాను. ధనం చెడిపోయింది, బట్టలకు చిమ్మెట పట్టింది, బంగారం తుప్పు పట్టింది అని చెప్పి, వెంటనే "మీరు మోసముగా బిగపట్టిన కూలి మొఱ్ఱపెట్టుచున్నది" అంటాడు. సంపద నశించడమూ, బిగపట్టిన కూలీ పక్కపక్కనే ఉన్నాయి! అప్పటిదాకా నేను ఆ రెంటినీ కలిపి చూడలేదు. "ఏనాటి కూలి ఆనాడియ్యవలెను", పొద్దు గూకకముందే అని మోషే ధర్మశాస్త్రం. నిలవని సంపద గురించి నాకున్న బోధ అంతా అక్కడే మొదలైంది. ఆవిరైపోయే వస్తువు చేతిలో ఉంటే, అందులో ఇంకొకరిది ఎంత ఉందో ముందు చూసి ఇచ్చేయాలి. ఆ పెద్దాయన దగ్గరికి నేనూ పాస్టర్‌గారూ వెళ్లాం. మొదట బాధపడ్డారు, నాలుగు నెలలు నాతో మాట్లాడలేదు. కూలీలకు మాత్రం ఇచ్చేశారు. నేను ఆ రసీదు రాసేముందు అడగాల్సింది, అడగలేదు.

ఇవ్వడం ఎలా అంటారా? దానికి నాకు తెలిసిన ఇద్దరు ఆదర్శాలు చెబుతాను. 18వ శతాబ్దపు ఇంగ్లండు బోధకుడు జాన్ వెస్లీ తన ప్రసంగంలో ఒక మనిషి లెక్క చెప్పాడు, అది ఆయన సొంత లెక్కేనంటారు. ఆదాయం ఏడాదికి 30 పౌండ్లు ఉన్నప్పుడు 28తో బతికి 2 ఇచ్చాడు. మరుసటి ఏడు 60 వచ్చింది, మళ్లీ 28తోనే బతికి 32 ఇచ్చాడు. ఆ తర్వాత 90, 120 వచ్చినా ఖర్చు 28 దగ్గరే. జీతం పెరిగిన ప్రతిసారీ ఖర్చు కూడా పెరగాలన్న చట్టం ఎక్కడా లేదన్నమాట. రెండో ఆదర్శం పేదవాళ్లది. మిజోరం సంఘాల్లో 1910 నుంచి ఆడవాళ్లు అన్నం వండే ముందు పిడికెడు బియ్యం తీసి పక్కన పెడతారు. అవి పోగుచేసి సంఘం పనికి వాడతారు. మా పల్లెలోనూ అమ్మ అలాగే చేసేది, పొయ్యి పక్కన చిన్న కుండ ఉండేది. బియ్యం తక్కువైన రోజు పిడికిలి చిన్నదయ్యేది, కానీ ఏ పూటా మానలేదు. ఏదైనా వస్తుందని ఆమె ఇవ్వలేదు. తినబోయే ముందు, ఇది నాది మాత్రమే కాదని గుర్తు చేసుకునేది.

నేను ఈ మాటలన్నీ గెలిచిన మనిషిలా చెప్పడం లేదు. రిటైరయ్యాక వచ్చిన గ్రాట్యుటీలో ఆరు లక్షలు ఒక ప్రైవేటు సంస్థలో పెట్టాను, వడ్డీ బాగా ఎక్కువ ఇస్తామన్నారని. వందల మందికి అలాంటివి వద్దని చెప్పిన నేనే పెట్టాను. రెండేళ్లకు ఆఫీసుకు తాళం పడింది. ఆ వారమంతా నిద్ర లేదు. డబ్బు పోయిన బాధ కంటే ఎక్కువగా ఒక భయం పట్టుకుంది, ఇక మా పరిస్థితి ఏమిటని. ఆ భయమే నాకు నిజం చూపించింది. నాకు పెన్షన్ ఉంది, సొంత ఇల్లుంది, దేవుడున్నాడని 40 ఏళ్లుగా పాడుతున్నాను, అయినా నేను ఆనుకుని నిలబడింది ఆ ఆరు లక్షల మీద. "అస్థిరమైన ధనమునందు నమ్మికయుంచక" అన్న 1 తిమోతి 6:17 అంతకుముందు ఎన్నోసార్లు చదివాను. ఆ వారం అది నా పేరు పెట్టి పిలిచినట్టుంది. అదే వచనంలో దేవుడు సమస్తమూ మనం "సుఖముగా అనుభవించుటకు" ధారాళంగా ఇస్తాడని కూడా ఉంది. ఆయన ఇచ్చిన అన్నం, ఇల్లు, మనవల నవ్వు అనుభవించడానికి సిగ్గుపడక్కర్లేదు. దాని మీద నిలబడకూడదు, అంతే. మా ఆవిడ ఆ వారంలో ఒక్కసారి కూడా నన్ను దెప్పలేదు. ఎనిమిదో రోజు పొద్దున కాఫీ ఇస్తూ "మీరు బతికున్నారు, చాలు" అంది. ఆ రోజు నిద్రపట్టింది.

ఇప్పుడు మీ ప్లాటు. అమ్మాలా, ఆగాలా అని నేను చెప్పలేను. రేటు ఎటు పోతుందో ఎవరికీ తెలియదు, తెలుసన్నవాడిని నమ్మకండి. కానీ అమ్మకం కంటే ముందు చూడాల్సినవి రెండున్నాయి.

మొదటిది, నాన్నగారి బాకీలు. బ్యాంకు లోను సంగతి మీరు రాశారు. చేబదుళ్ల సంగతి రాయలేదు. ఆ తరం వాళ్లు చిన్న డైరీలో, క్యాలెండర్ వెనక రాసుకునేవారు. అది వెతకండి. ఎవరి దగ్గర తీసుకున్నారో, ఎవరికి పనిచేయించుకుని ఇవ్వలేదో చూడండి. పంపకానికి ముందు ఆయన అప్పులు తీరాలి, చట్టమూ అదే చెబుతుంది, రోమా 13:8 కూడా. ప్లాటు చదును చేసిన ట్రాక్టరు మనిషికి రెండు వేలు బాకీ ఉన్నా సరే.

రెండోది మీరు గమనించారో లేదో. మీ ప్రశ్నలో అన్నయ్య ఉన్నారు, మీరున్నారు. ఒకే ఒక్కచోట "అక్క నర్సాపురంలో ఉంటుంది, అమ్మ ఆమె దగ్గరే" అని రాశారు. పంపకం మాట వచ్చిన చోట వాళ్లిద్దరూ లేరు. మన క్రైస్తవులకు వర్తించేది 1925 నాటి భారత వారసత్వ చట్టం. వీలునామా లేకుండా మనిషి చనిపోతే భార్యకు మూడో వంతు, మిగిలిన రెండు వంతులు పిల్లలందరికీ సమానంగా వస్తాయి. ఆడపిల్లకు పెళ్లైందా లేదా, కట్నం ఇచ్చామా లేదా అన్నది అందులో లేదు. అంటే మీ ప్లాటు తొమ్మిది భాగాలనుకుంటే మూడు అమ్మవి, మీ ముగ్గురికీ తలా రెండు. మీరూ అన్నయ్యా ఇన్ని నెలలుగా మాట్లాడుకోకుండా పోట్లాడుకుంటున్న దానిలో సగానికి పైగా మీ ఇద్దరిదీ కాదు. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌కు దరఖాస్తు చేసినప్పుడు ఎలాగూ అందరి పేర్లూ వస్తాయి. ఆఫీసులో కాగితం మీద చూసి తెలుసుకోవడం కంటే మీ నోటితో వాళ్లు వింటే మంచిది.

అక్కకు ఈ రాత్రే ఫోన్ చేయండి. అమ్మకు ఇవ్వమనండి, నాన్న ఎవరికైనా బాకీ ఉన్నారేమో అడగండి, ఆమెకు తెలిసే ఉంటుంది. ఆ పేర్లు రాసుకున్నాక అన్నయ్యకు చేయండి. మొదటి మాట ప్లాటు గురించి కాకుండా ఆ బాకీల గురించి ఎత్తండి. ఆ తర్వాత ఏమైందో వీలైతే ఇక్కడే రాయండి, నేను చూస్తుంటాను.